పెట్రోలు కాలుతుందా, మండుతుందా?

సందేహం: మా అపార్ట్‌మెంట్‌లో అగ్నిప్రమాదాల గురించి చెప్పి ఒక కరపత్రం పంచారు. అందులో ఒకచోట ‘పెట్రోలు మండదు, దాని ఆవిరి మండుతుంది’ అని, ఇంకోచోట ‘మంట లేకపోయినా బొగ్గులు కాలుతూనే ఉంటాయి’ అని ఉంది. కాలడం, మండడం ఒకటే కదా? – ఒక పాఠకురాలు, ఉప్పల్, హైదరాబాద్

సమాధానం: ఒకటి కాదమ్మా. ఆ కరపత్రం రాసినవారెవరో గాని మాట తూచి వాడారు.

మిర్చి బజ్జీల బండి దగ్గర నిలబడితే తేడా నాలుకకే తెలుస్తుంది. వేడి వేడి బజ్జీ కొరికితే నోరు కాలుతుంది. లోపలి మిరపకాయ తగిలితే నోరు మండుతుంది. చల్లారిన బజ్జీకి కాల్చే శక్తి పోతుంది, మండించే శక్తి పోదు. పెనం కాలుతుంది గాని మండదు. పాలు, నూనె అయితే కాలవు, కాగుతాయి. అంటే కాలడానికి వేడి చాలు. మండడానికి మంట ఉండాలి, లేదా మంటలాంటి బాధ ఉండాలి.

రసాయనశాస్త్రం కూడా దీనికి దగ్గరగానే ఉంది. మంట అనేది వాయువు పని. దీపంలో ఒత్తి పీల్చిన నూనె వేడికి ఆవిరవుతుంది, ఆ ఆవిరి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మండుతుంది. కట్టె కూడా అంతే. వేడికి అందులోంచి వచ్చే వాయువులు మండి, అవి అయిపోయాక మిగిలిన బొగ్గు మంట లేకుండానే ఎర్రగా కాలుతుంది. దాన్నే మనం కణకణలాడడం అంటాం. ఇక పెట్రోలు సంగతి. సున్నాకు 40 డిగ్రీల దిగువన కూడా అది అంటుకునేంత ఆవిరి వదులుతుంది. హైదరాబాదు ఎండల్లో మూత తీసిన డబ్బా ఎలా ఉంటుందో ఊహించుకోండి. అగ్గిపుల్ల పెట్రోలును తాకనక్కర్లేదు, ఆవిరిని తాకితే చాలు, భగ్గుమంటుంది. (తెలంగాణ పల్లెల్లో కిరోసిన్‌ను ‘గాసునూనె’ అంటారు. అది గ్యాసూ కాదు, వంటనూనే కాదు. కానీ మండేటప్పుడు గ్యాస్‌లాగే మండుతుంది కాబట్టి ఆ పేరు నాకు ముద్దుగా అనిపిస్తుంది.)

పాఠ్యపుస్తకాల్లోని ‘దహనం’ ఈ రెంటికీ వర్తిస్తుంది. ‘జ్వలనం’ మాత్రం మంటకు దగ్గర. శాస్త్రానికి ఆ మాటలు సరే, ఇంట్లో జాగ్రత్త చెప్పడానికి అచ్చతెలుగు క్రియలే మేలు.

ఎందుకంటే ‘నిప్పు’, ‘మంట’ అనే మాటల మధ్య తేడా మరిస్తే ప్రాణం మీదికి వస్తుంది. చలికాలం కొందరు బొగ్గుల కుంపటి గదిలో పెట్టుకుని, ‘మంట లేదు, పొగ లేదు, ఏమవుతుంది’ అని తలుపులు బిగించి పడుకుంటారు. మంట ఆరింది నిజమే, నిప్పు ఆరలేదు. ఆక్సిజన్ చాలని గదిలో బొగ్గు పూర్తిగా కాలక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, మత్తు వచ్చినా నిద్ర అనుకుంటారు. ‘నివురు గప్పిన నిప్పు’ను మనుషుల మీద సామెతగా వాడీ వాడీ, అసలు నిప్పును మరిచిపోయాం.

‘సిలిండర్ పేలింది’ అనేది కూడా పత్రికలు తొందరపడి రాసే మాట. చాలాసార్లు పేలేది సిలిండర్ కాదు, కారిపోయిన గ్యాస్. వంటగ్యాస్ గాలికంటే బరువు, నేలబారుగా పాకుతుంది. గాలిలో సుమారు 2 నుంచి 9 శాతం దాకా కలిసినప్పుడే అంటుకుంటుంది. అప్పుడు స్విచ్ నొక్కితే వచ్చే చిన్న నిప్పురవ్వ చాలు. గ్యాస్‌కు సొంతంగా పెద్ద వాసన ఉండదు, మనకు తెలియాలనే మెర్‌కాప్టన్ అనే ఘాటు వాసన రసాయనం కలుపుతారు. ‘గ్యాస్ లీకై అంటుకుంది’ అని రాస్తే కారణం కూడా తెలిసేది.

మీరు అడగని మాట ఒకటి. పాలు పొంగితే స్టవ్ ‘ఆరుతుంది’. అంటే మంట పోయింది, గ్యాస్ వస్తూనే ఉంది. నాబ్ తిప్పితేనే ‘కట్టేసినట్టు’. అందుకే ‘స్టవ్ ఆర్పినవా?’ అనకుండా ‘గ్యాస్ బంద్ చేసినవా?’ అని అడిగే మన హైదరాబాదు వాడుకకే నా ఓటు.