సిల్వర్ సిటీ నుంచి హీలా క్లిఫ్ డ్వెలింగ్స్‌కి ఒక్క రోజులో వెళ్లి రావచ్చా?

న్యూ మెక్సికోలోని ఈ గుహల ఇళ్లకి అరవై దాటిన అమ్మానాన్నలతో ఒక్క రోజులో వెళ్లి రాగలమా, నడక కష్టమా అని అడిగారు. తప్పకుండా వెళ్లి రావచ్చండి. నేను మా అమ్మతో రెండుసార్లు వెళ్లాను. మీరు నడక కంటే రోడ్డు గురించి ఎక్కువ ఆలోచించుకోవాలి.

హైవే 15 మీద 44 మైళ్లే కదా, గంటలో చేరిపోతాం అనుకుని మొదటిసారి భోజనం చేసి తీరిగ్గా బయల్దేరాం. కొండల్లో మలుపు మీద మలుపు. మామూలుగానే రెండు గంటలు పడుతుంది. మా అమ్మకి సగం దారిలో కడుపులో తిప్పేసి రెండు చోట్ల ఆపాల్సి వచ్చింది. తీరా గుహల దగ్గరికి వెళ్లాక, చీకటి పడేలోగా ఆ మలుపులన్నీ దాటాలనే టెన్షన్‌తో ఇరవై నిమిషాలు కూడా నిలవలేకపోయాం. అంత దూరం వెళ్లి అలా తిరిగి రావడం నాకు చాలా బాధనిపించింది. రెండోసారి పొద్దున్నే ఏడింటికల్లా కారెక్కాం, అమ్మ ముందు సీట్లో కూర్చుంది, ఏ ఇబ్బందీ రాలేదు.

పెట్రోల్ సిల్వర్ సిటీలోనే నింపుకోండి. ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకండి, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. చుట్టూ ఉన్నదంతా హీలా అడవి. ప్రపంచంలోనే మొట్టమొదట, 1924లో, 'విల్డర్‌నెస్'గా ప్రకటించి రోడ్లు పడకుండా కాపాడుకుంటూ వస్తున్న చోటు అది.

నడక మొత్తం చుట్టు తిరిగి వస్తే మైలు. వంతెన దాటాక వాగు పక్కన నీడలో హాయిగా సాగుతుంది, తర్వాత 180 అడుగుల ఎత్తు నిటారుగా ఎక్కాలి. అమ్మ నాలుగైదు చోట్ల ఆగి ఊపిరి తీసుకుంటూ ఎక్కేసింది. పైన ఒక చెక్క నిచ్చెన ఉంది. మోకాళ్ల నొప్పులుంటే వేరే దారి గురించి రేంజర్‌ని ముందే అడగండి. ట్రైల్ మీదికి మంచినీళ్లు తప్ప తినేవేవీ తీసుకెళ్లనివ్వరు.

ఇక గుహలు. 5 గుహల్లో కలిపి 40 దాకా గదులు, రాయి మీద రాయి పేర్చి మట్టితో కట్టినవి. మొగోయోన్ తెగవాళ్లవి. గోడల్లోంచి బయటికి పొడుచుకొచ్చిన దూలాలు కనిపిస్తాయి చూడండి, అవి ఆనాటి కర్రలే. వాటి వలయాలు లెక్కపెట్టే ఈ ఇళ్లు 1276-1287 మధ్య కట్టారని తేల్చారు. పది పదిహేను కుటుంబాలు ఉండేవట. అంత కష్టపడి కట్టుకుని, 1300 నాటికే వదిలి వెళ్లిపోయారు. తల పైకెత్తితే గుహ కప్పు మీద వాళ్ల పొయ్యిల మసి ఇప్పటికీ నల్లగా అలాగే ఉంది. మా అమ్మ ఆ మసి చూసి, "ఇక్కడే వండుకున్నారన్నమాట" అని చాలాసేపు అక్కడే నిలబడిపోయింది. నేను మొదటిసారి తల ఎత్తి కూడా చూడలేదు. అందుకే చెబుతున్నా, లోపల కనీసం గంట ఉండేలా ప్లాన్ చేసుకోండి. గోడల్ని మాత్రం ఎవరూ ముట్టుకోకుండా చూసుకోండి.

ముందు రోజు పార్క్ వెబ్‌సైట్ ఒకసారి చూడండి. వాగు పొంగినా, అడవికి నిప్పంటుకున్నా ట్రైల్ మూసేస్తారు.