మహేంద్రగిరి విరాళాల నడకకి కొత్తవాళ్లు పేరివ్వచ్చా?

మీరు అడిగింది ఇది: డిసెంబరులో ఒక శని, ఆదివారం 25 మంది కలిసి శ్రీకాకుళం జిల్లా మందస వైపు నుంచి మహేంద్రగిరి ఎక్కుతారు. రాత్రి గుడారాల్లో పడుకుని మర్నాడు దిగుతారు. ఉద్దానం డయాలసిస్ రోగుల రాకపోకల ఖర్చుకి ఒక్కొక్కరూ 5,000 రూపాయలు పోగుచేయాలి, ఫీజు 1,800 వేరే. మీరు ఇంతవరకు సింహాచలం మెట్లు తప్ప ఏ కొండా ఎక్కలేదు. చేరొచ్చా, ఏం పట్టుకెళ్లాలి?

చేరొచ్చు. కాకపోతే ఈరోజు పేరిచ్చి వచ్చే వారం బయల్దేరే పని కాదు, ఆరు వారాలు చేతిలో ఉండాలి. ఇలాంటి నడకల్లో దమ్ము చాలక ఆగిపోయేవాళ్లు తక్కువ. పాదం బొబ్బెక్కి, నీళ్లు అయిపోయి, దారిలో పొద్దుగూకి ఆగిపోయేవాళ్లే ఎక్కువ. ఆ మూడూ ఇంటి దగ్గర సరిచూసుకోగలిగినవే.

ముందు నిర్వాహకుల్ని రెండు సంగతులు అడగండి. శిఖరం ఎత్తు 1,501 మీటర్లు, ఉన్నది ఒడిశా గజపతి జిల్లాలో. మనవైపు నుంచి ఎక్కినా పైన బస చేసే నేల ఆ రాష్ట్రానిది. కాబట్టి అక్కడి అటవీశాఖ అనుమతి కాగితం మీద ఉందా అని అడగండి. "మాట్లాడేశాం" అంటే సరిపోదు. రెండోది, కాలినడక ఎక్కడ మొదలవుతుంది? మందస చుట్టుపక్కలంతా పల్లపు నేల. కిందనుంచి నడిస్తే వెయ్యి మీటర్లకు పైగా నిలువు ఎక్కుడు ఉంటుంది. పర్లాకిమిడి వైపు నుంచి కోయిన్‌పూర్ మీదుగా దాదాపు పైదాకా బండ్లు పోయే రోడ్డు ఉంది. గుడారాలు, వంటసామాను, తాగునీళ్లు ఆ రోడ్డున పంపి, మనుషులు మాత్రం నీళ్లసీసాలతో నడిచే ఏర్పాటైతే కొత్తవాళ్లు నిక్షేపంలా ఎక్కేస్తారు. అన్నీ వీపున మోసుకెళ్లాలంటే మాత్రం మొదటి ప్రయత్నంగా దీన్ని నేను చెప్పను.

ఎందుకో లెక్క చూడండి. సమతలం మీద గంటకి 5 కిలోమీటర్లు, దానికితోడు ప్రతి 600 మీటర్ల ఎక్కుడికి ఒక గంట అని కొండలెక్కేవాళ్లు వేసుకునే పాత కొలత ఉంది. 10 కిలోమీటర్ల దారి, 1,000 మీటర్ల ఎత్తు అనుకుంటే మూడు గంటల నలభై నిమిషాలు. అది అలవాటైన ఒక్క మనిషికి. బరువుతో, 25 మందితో, ఫొటోలతో అది ఆరేడు గంటలవుతుంది. డిసెంబరులో మన దగ్గర ఐదూ ఇరవైకల్లా సూర్యుడు దిగిపోతాడు, చెట్ల కింద ఇంకా ముందే మసక. ఉదయం 6కి మొదటి అడుగు పడితే ఒంటిగంటకి పైనుంటారు. పలాసలో టిఫిన్లు చేసి, బ్యానర్ పట్టుకుని ఫొటోలు దిగి 9కి బయల్దేరితే గుడారాలు వేసేది చీకట్లోనే. బ్యానర్ ఫొటో పైన దిగండి, ఎవరూ కాదనరు.

తయారీకి జిమ్ అక్కర్లేదు. వారానికి మూడు రోజులు 5 కిలోమీటర్ల చురుకు నడక, ఆదివారం 10-12. మూడంతస్తుల మేడకి దాదాపు 10 మీటర్ల ఎత్తు. రోజూ 20 సార్లు ఎక్కిదిగితే 200 మీటర్లు కొండెక్కినట్టు. విజయనగరం వాళ్లకి రామతీర్థం కొండ మెట్లున్నాయి, శ్రీకాకుళం వాళ్లకి శాలిహుండం ఉంది. కళింగపట్నం, భావనపాడు ఇసుకలో అరగంట నడిస్తే పిక్కలకి మంచి పని. ఆఖరి మూడు ఆదివారాలూ మోయబోయే సంచి వీపున వేసుకునే నడవాలి. దిగేటప్పుడు నొప్పెట్టేది మోకాళ్లే కాబట్టి మెట్లు దిగడం కూడా లెక్కలోకి వస్తుంది, పైకి నడిచి లిఫ్టులో దిగిపోకండి.

బూట్లు అర సైజు పెద్దవి, సాయంత్రం పూట కొనండి. పొద్దంతా తిరిగాక పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. దిగుడులో వేళ్లు ముందుకు జరిగి గోళ్లకి తగులుతాయి, అందుకే ఆ అర సైజు. కొండకి వెళ్లేలోపు వాటితో కనీసం 50 కిలోమీటర్లు తిరిగుండాలి. కొత్త బూట్లతో కొండెక్కేవాళ్లని చూస్తే నాకు కోపమే వస్తుంది, ఎందుకంటే వాళ్ల సంచి మోయాల్సింది పక్కవాళ్లు. రెండు రోజుల ముందే గోళ్లు తీసుకోండి. నూలు మేజోళ్లు చెమట పట్టి ఒరుసుకుంటాయి, ఉన్ని లేదా సింథటిక్‌వి మూడు జతలు పెట్టుకోండి. మడమ దగ్గర చుర్రుమన్న వెంటనే ఆగి, తుడిచి, మందుల షాపులో దొరికే గుడ్డ ప్లాస్టర్ అంటించాలి. "వచ్చే మలుపు దగ్గర చూద్దాం" అనుకుంటే బొబ్బ లేచిపోతుంది. లేచాక చేయగలిగేది తక్కువ.

సంచి నీళ్లతో కలిపి 8-10 కిలోలు దాటకూడదు. నడుముకి కట్టుకునే బెల్టు ఉన్నదే తీసుకోండి, బరువు భుజాల నుంచి తుంటి మీదికి దిగుతుంది. బరువైనవి వీపుకి ఆనేలా మధ్యలో, పడకసంచి (స్లీపింగ్ బ్యాగ్) అడుగున, వానకోటు పైన. లోపల పెద్ద పాలిథిన్ సంచి వేసి అందులో అన్నీ సర్దితే వాన, మంచు బాధ ఉండదు. జీన్స్ వద్దు, తడిస్తే ఆరవు. తలకి కట్టుకునే టార్చి తప్పనిసరి, కొత్త సెల్స్‌తో. ఫోన్ టార్చి పట్టుకుంటే ఒక చెయ్యి పోతుంది, పైగా బ్యాటరీ అయ్యాక ఫోనూ పోతుంది.

నీళ్లు: నడకకి మనిషికి 3 లీటర్లు, పైన వంటకీ రాత్రికీ మరో 2. గెడ్డ (వాగు) నీళ్లు ఎంత తేటగా ఉన్నా పైన పశువులు తిరుగుతాయి. గుడ్డలో వడకట్టి, తెర్లాక ఒక నిమిషం మరగనివ్వండి. క్లోరిన్ బిళ్లయితే పొట్లం మీద రాసిన కొలత వేసి అరగంట ఆగాలి. నీళ్లు ఒకేసారి గటగటా కాదు, ఇరవై నిమిషాలకోసారి నాలుగు గుక్కలు. ఓఆర్ఎస్ పొట్లం లీటరుకి ఒకటి. లేకపోతే లీటరు నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, రెండూ తలకొట్టిన టీ చెంచాతో. ఉప్పు ఎక్కువైతే మేలు కాదు, కీడు.

ఇక్కడే ఇంకో మాట. ఒళ్లునొప్పులకి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ బిళ్లలు పంచేవాళ్లు ప్రతి గుంపులో ఒకరుంటారు. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు ఆ మందులు మూత్రపిండాలకి దెబ్బ. కిడ్నీ రోగుల కోసం నడుస్తూ ఆ బిళ్లలు మింగడం ఏమిటి చెప్పండి. పారాసిటమాల్ చాలు. బీపీ, షుగర్, ఆస్తమా మందులు వాడేవాళ్లు ఆ సంగతి ముందే నిర్వాహకులకి చెప్పాలి. ఇన్సులిన్ వేసుకునేవాళ్ల జేబులో పంచదార ఉండాలి, సంచి అడుగున కాదు.

తిండి విషయంలో మనవాళ్లు అతి చేస్తారు. బిర్యానీ ఆలోచన మానుకోండి. పొద్దున్నే ఇంటి దగ్గర చోడి (రాగి) అంబలి, దారిలో వేరుశనగ చెక్కీ, వేయించిన జీడిపప్పు (పలాసలో దిగాక కొనుక్కోండి), ఖర్జూరం, అరటిపండ్లు. పులిహోర మధ్యాహ్నానికి ఉంటుంది. పెరుగన్నం ఎండలో పులుస్తుంది. రాత్రి కిచిడీకి మనిషికి బియ్యం 120 గ్రాములు, పెసరపప్పు 40. అంటే 25 మందికి మూడు కిలోలు, ఒక కిలో. పొద్దున ఉప్మాకి రవ్వ రెండున్నర కిలోలు. కట్టెలు నరికి మంట వేయొద్దు, గ్యాస్ పొయ్యే వాడాలి. డిసెంబరుకి గడ్డి ఎండడం మొదలవుతుంది, గాలికి ఒక్క నిప్పురవ్వ చాలు.

ఇక రాత్రి. ప్రతి వెయ్యి మీటర్లకి సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది. కింద 18 ఉంటే పైన 9, దానిమీద గాలి. ఒంట్లో వేడి ఎక్కువగా లాగేసేది కింద నేలే. ఇంటినుంచి రెండు దుప్పట్లు తెచ్చి పైన కప్పుకుని వణికేవాళ్లకి ఇది తెలియక. ముందు బరకం (టార్పాలిన్), దానిమీద ఫోమ్ చాప, ఆపైన 5-10 డిగ్రీలకి పనికొచ్చే పడకసంచి. చెమట పట్టిన బనియన్ విప్పేసి పొడిది తొడుక్కుని పడుకోండి. ముగ్గురి గుడారం అని రాసుంటే ఇద్దరికే సరిపోతుంది. గెడ్డ పక్కనా, ఎండుకొమ్మల కిందా వేయొద్దు. మేకు తల గుడారానికి అవతలివైపు వాలేలా, 45 డిగ్రీల్లో దిగ్గొట్టాలి, నిటారుగా కొడితే గాలికి లేచొస్తాయి. పైగుడ్డ లోపలిగుడ్డకి తగలకుండా తాళ్లు బిగించి, గాలి కిటికీ కాస్త తెరిచే ఉంచండి. మూసేస్తే ఊపిరి తేమంతా తెల్లారేసరికి మీమీదే కారుతుంది. తర్వాత "గుడారం లీకు" అని ఫిర్యాదు.

మరుగుకి నీళ్ల చోటునుంచి 60 మీటర్లు దూరంగా, జానెడు లోతు గొయ్యి తీసి పూడ్చాలి. ప్యాడ్లు, తడి టిష్యూలు పూడ్చకూడదు, జిప్ కవర్లో వేసి కిందకి తేవాలి. కుంతి, భీముడు, ధర్మరాజుల పేర్లతో ఉన్న రాతిగుళ్ల చుట్టూ ఈ పనులూ వద్దు, గుడారాలూ వద్దు.

ఎలుగుబంటి సంగతి ఉద్దానం వాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. జీడి, పనస పండే రోజుల్లో తోటల్లోకే వస్తాయి. డిసెంబరులో పండ్లు లేకపోయినా తెల్లవారుజామున, మునిమాపున తిరుగుతాయి. తుప్పలు దట్టంగా ఉన్నచోట మాట్లాడుకుంటూ గుంపుగా నడవాలి. ఎదురైతే పరుగెత్తొద్దు, మీకంటే అదే వేగం. దానివైపే చూస్తూ నెమ్మదిగా వెనక్కి జరగాలి. గుడారంలో తిండి ఉంచకండి. పాము కరిస్తే తాడు కట్టడం, కోయడం, పీల్చడం ఏదీ వద్దు. కాలుకి కర్ర ఆనించి కదలకుండా కట్టి, మనిషిని మోసుకుని దింపి, విషానికి విరుగుడు సూది ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. ఆ సూది ఏ ఆసుపత్రిలో ఉందో ముందురోజే ఫోన్ చేసి కనుక్కోవడం నిర్వాహకుల పని. 108కి చేసినప్పుడు ఒడిశా టవర్ పట్టుకుంటే ఫోన్ ఆ రాష్ట్రానికి పోవచ్చు, కాబట్టి రాష్ట్రం, మండలం, ఊరు పేరు మొదటి వాక్యంలోనే చెప్పండి. పైన సిగ్నల్‌ని నమ్ముకోకుండా మ్యాప్ ముందే దించుకోవాలి.

గుంపు నడిచే పద్ధతి: దారి తెలిసిన ఇద్దరు, ఒకరు ముందు, ఒకరు ఆఖర్న. ముందువాళ్లని ఎవరూ దాటకూడదు, ఆఖరివాళ్ల వెనక ఎవరూ ఉండకూడదు. అందరికీ నెంబర్లు ఇచ్చి ప్రతి ఆగుడులో పిలుపు, దారి చీలినచోట మొత్తం గుంపు వచ్చేదాకా ఆగడం. దారి చూపడానికి కొండ ఊళ్ల సవరవాళ్లని పెట్టుకుంటే కూలి ఎంతో ముందే మాట్లాడి, దిగిన వెంటనే చేతికివ్వండి. సేవా కార్యక్రమం కదా అని వాళ్లచేత ఉచితంగా మోయించడం చాలా చెడ్డపని. పిల్లలకి చాక్లెట్లు విసరడం, అడక్కుండా ఫొటోలు తీయడం కూడా.

డబ్బు విషయానికొస్తే, ఫీజు వేరు, విరాళం వేరు. 1,800 మీ తిండికీ బండికీ, దానికి పన్ను మినహాయింపు రాదు. 5,000 మాత్రం సంస్థ బ్యాంకు ఖాతాకే నేరుగా చేరాలి, ఎవరి సొంత యూపీఐకో కాదు. సంస్థకి 80జీ (విరాళమిచ్చినవాళ్లకి ఆదాయపన్ను మినహాయింపు వచ్చే గుర్తింపు) ఉంటే ఇచ్చినవాళ్లందరి పేర్లూ పాన్ నెంబర్లూ రాసుకోండి, రసీదులు వాళ్ల పేరునే రావాలి. 2,000 రూపాయలు దాటిన నగదుకి మినహాయింపు లేదు, కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకి అసలే లేదు. గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లు భారత పాస్‌పోర్టుతో ఉండి, సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే చిక్కు లేదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న బావగారు పంపితే, ఓసీఐ కార్డున్నా సరే, అది విదేశీ విరాళమే. విదేశీ విరాళాలకి కేంద్రం ఇచ్చే ఎఫ్‌సీఆర్ఏ అనుమతి సంస్థకి లేకపోతే తీసుకోకూడదు. డయాలసిస్ వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటల వ్యవహారం. ఊరినుంచి రానూపోనూ ఆటో ఖర్చు నెలనెలా ఉంటుంది. మీరు పోగుచేసింది ఎంతమందికి, ఎన్ని నెలలకి అని అడగండి. జవాబు అంకెల్లో రాకపోతే ఇంకో కార్యక్రమం వెతుక్కోండి.

దిగాక సంచి దులిపి బట్టలు వేడినీళ్లలో వేయండి, ఒంటిమీద పిడుదులున్నాయేమో చూసుకోండి. తర్వాత మూడు నాలుగు వారాల్లో జ్వరం వస్తే అలసటని సరిపెట్టుకోవద్దు. ఏజెన్సీ అడవిలో రాత్రి పడుకున్నట్టు డాక్టరుకి చెప్పి మలేరియా రక్తపరీక్ష చేయించండి. చంకల్లో, గజ్జల్లో, నడుం బెల్టు కింద నల్లటి పక్కు కట్టిన చిన్న పుండు కనిపిస్తే అదీ చూపించండి. తుప్పల్లోని సన్నటి పురుగులు కుడితే వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరానికి ఆనవాలు అది. నొప్పి ఉండదు కాబట్టి మీకై మీరు వెతికితేనే దొరుకుతుంది.