జర్మనీలో ఆఫీసు పనంతా ఇంగ్లీషే అయితే జర్మన్ నేర్చుకోవాలా?

మాది హనుమకొండ, స్టుట్‌గార్ట్‌లో ఐటీ ఉద్యోగం వచ్చింది, భార్యా నాలుగేళ్ల పాపా కూడా వస్తున్నారు, ఆఫీసులో ఇంగ్లీషు నడుస్తుంది కదా, ఇంక జర్మన్ ఎందుకు అని అడిగారు.

కావాలండీ. మాదీ హనుమకొండే, ఆ స్టుట్‌గార్ట్‌లోనే కొన్నేళ్లు ఉండి తిరిగొచ్చాం. అసలు చిక్కు ఆ ఆఫీసు ఇంగ్లీషుతోనే. దాంతో పగలంతా గడిచిపోతుంది, సాయంత్రం మనవాళ్లతో కూర్చుంటారు, ఇంక జర్మన్ నోట్లోకి వచ్చేది ఎప్పుడు? మా ఇంట్లో నాకంటే ముందు మాట్లాడింది మా ఆవిడే. ఉద్యోగం లేదు కాబట్టి అక్కడి ప్రభుత్వ ఇంటిగ్రేషన్ కోర్సులో చేరింది. 600 పీరియడ్లు భాష, ఇంకో 100 వాళ్ల చట్టాలు, చరిత్ర. పక్కన కూర్చునేది సిరియా, టర్కీ, ఉక్రెయిన్ ఆడవాళ్లు, చాలామందికి ఇంగ్లీషు రాదు, కాబట్టి పిల్లల గురించో వంట గురించో మాట్లాడుకోవాలన్నా చచ్చినట్టు జర్మనే. పుస్తకం కంటే ఆ కబుర్లే ఎక్కువ నేర్పాయి. నేనేమో సాయంత్రం క్లాసులో ఆవలిస్తూ కూర్చునేవాణ్ని.

ఇంత చేసి బేకరీకి వెళ్తే అక్కడి పెద్దావిడ ష్వాబిష్ అనే ఆ ప్రాంతపు యాసలో మాట్లాడుతుంది, ఒక్క ముక్క అర్థం కాదు. టెన్షన్ పడకండి, బళ్లో పుస్తకాల తెలుగు చదివి ఇంటికొచ్చి మన తెలుగు మాట్లాడినవాళ్లమే కదా మనం. మెల్లగా చెప్పమంటే చెప్తారు.

పాప జర్మన్ గురించి బెంగ వద్దు, కిండర్‌గార్టెన్‌లో వేస్తే మీకంటే ముందే అందుకుంటుంది. బెంగ పెట్టుకోవాల్సింది తెలుగు గురించి. మా వాడు తెలుగులో అడిగితే జర్మన్‌లో జవాబిచ్చేవాడు. ఇంట్లో మీ భాషే మాట్లాడండి, మీకొచ్చిన తప్పుల జర్మన్ పిల్లాడికి నేర్పొద్దు అని టీచరే చెప్పింది. రోజూ నానమ్మతో వీడియో కాల్ పెట్టాక కొంచెం దారికొచ్చాడు, ఆమెకు జర్మన్ రాదుగా మరి.

కాగితాల సంగతి కూడా చూసుకోండి. బ్లూ కార్డు, అంటే పెద్ద చదువుల ఉద్యోగులకు ఇచ్చే నివాస అనుమతి, దాని మీద ఉన్నవాళ్లకి బీ1 (జర్మన్‌లో మధ్య స్థాయి) ఉంటే 21 నెలలకే శాశ్వత నివాసం అడగొచ్చు, ఏ1 (మొదటి మెట్టు) మాత్రమే ఉంటే 27 నెలలకి. పౌరసత్వానికి మామూలుగా 5 ఏళ్లు, బీ1. రెండు పాస్‌పోర్టులు ఉంచుకోవడానికి 2024 నుంచి వాళ్లు ఒప్పుకుంటున్నారు కానీ మన దేశం ఒప్పుకోదు, విదేశీ పౌరులైన మనవాళ్లకి ఇచ్చే ఓసీఐ కార్డుతో సరిపెట్టుకోవాలి.

బ్లూ కార్డు ఉన్నవాళ్ల భార్యకు వీసా కోసం ఏ1 అడగరు, అలాగని ఆగకండి. జర్మన్ నేర్పే హైదరాబాద్ గోథే జెంట్రుమ్‌లో అడిగి, టికెట్లు తీసేలోపు ఇద్దరూ ఏ1 కానిచ్చేయండి.