రెండు ముళ్లూ కలిసి పైకి పోతుంటే

నమస్తే అండి. మీ 1972 మినీ కారులో పెట్రోల్, టెంపరేచర్ ముళ్లు రెండూ ఒక్కోసారి కలిసి పైకి పోతున్నాయని, ఆయిల్ ప్రెషర్ మాత్రం సరిగ్గానే ఉందని రాశారు. అసలు ఆధారం అదే. ఆ ఆయిల్ గేజ్‌కి సన్నటి పైపులో ఆయిలే వస్తుంది, కరెంటుతో పనిలేదు. మిగతా రెండింటికీ డయల్ వెనకున్న, కరెంటుని ఆపుతూ వదులుతూ ఉండే వోల్టేజ్ స్టెబిలైజర్ నుంచి సగటున 10 వోల్టులు అందుతాయి. కాబట్టి అనుమానం స్టెబిలైజర్ మీదే, ట్యాంకులో పెట్రోల్ మట్టం కొలిచే సెండర్‌ని ఇప్పుడే విప్పకండి.

ముందు బ్యాటరీ వైరు తీసి, స్టెబిలైజర్ ఎర్త్, అంటే కారు బాడీకి కలిసే కనెక్షన్ చూడండి. దాని రేకు డబ్బాయే ఎర్త్. స్క్రూ వదులైనా, తుప్పు పట్టినా లోపలి కాయిల్ వేడెక్కదు, కాంటాక్టులు విడిపోవు, బ్యాటరీ వోల్టేజ్ మొత్తం గేజ్‌లకి వెళ్లిపోతుంది. నా కారులోనూ ఇదే జరిగింది. గరుకు కాగితంతో రుద్ది గట్టిగా బిగించాక ముళ్లు కుదురుకున్నాయి.

అప్పటికీ తగ్గకపోతే ఇగ్నిషన్ ఆన్ చేసి, స్టెబిలైజర్ నుంచి గేజ్‌లకి కరెంటు వెళ్లే 'ఐ' టెర్మినల్ దగ్గర చిన్న టెస్ట్ బల్బు పెట్టండి. పాత రకం స్టెబిలైజర్ అయితే బల్బు ఆగి ఆగి వెలగాలి. డిజిటల్ మీటర్ అంకెలు ఎగిరిపడితే టెన్షన్ పడకండి, దాని తీరే అంత. బల్బు ఆగకుండా వెలిగినా, అసలు వెలగకపోయినా ఎలక్ట్రానిక్ 10 వోల్టుల స్టెబిలైజర్ వేయించండి. నెగటివ్ ఎర్త్‌దే (బ్యాటరీ నెగటివ్ బాడీకి కలిసే కార్లది) అడగండి. గేజ్‌లకి నేరుగా 12 వోల్టులు మాత్రం ఇవ్వొద్దు, పాడైపోవచ్చు.