నీ నవల మీద వచ్చిన మాటలు

బిడ్డా,

వీడియో గేమ్ లోపల తిరిగే హీరో మీద నువ్వు రాసిన హాస్య నవల గురించి పాఠకులు చెప్పిన అభిప్రాయాలు పంపినవు గదా, అన్నీ చదివిన. ఒక్కసారే మూటగట్టి పంపినవు గానీ, అన్నీ ఒక్క తీరుగ చదివేటివి కావు. ‘సూపర్ అక్కా’, ‘మస్తుంది’ అన్నవాటికి సంతోషపడు, పక్కకు పెట్టు. పార్సిల్‌లో అట్ట చినిగి వచ్చిందని ఒకాయన ఒక్క స్టారే ఇచ్చిండు. అది కొరియర్ పిలగానికి పడాల్సిన స్టారు. 2020 సెప్టెంబరులో సర్కారు పబ్‌జీని బంద్ పెడితే మా పోరడు పుస్తకం పట్టిండు, మళ్ల మీరు ఆటల మీద నవలలు రాస్తరా అని ఒక తండ్రి కోపం చేసిండు. ఆ కోపం ఆటల మీద, నీ రాత మీద కాదు. జవాబియ్యకు.

ఆటలు ఆడేటోళ్లు చెప్పింది మాత్రం జాగ్రత్తగ చూడు. వాళ్లు లెక్క పట్టుకుంటరు. మూడో అధ్యాయంలో నీ హీరో మానా, అంటే ఆటలో మంత్రాలు ఏసేటందుకు కావాల్సిన శక్తి, అంతా అయిపోయి సున్నా మీదున్నడు. రెండు పేజీలు తిప్పకముందే రాక్షసుని మీద అగ్గిబాణం ఏసిండు. హాస్యమే గదా, లెక్కెందుకు అనకు. రాక్షసుడు ఎంత విచిత్రంగనన్న ఉండనీ, ఆట నియమం గట్టిగుంటెనే దాన్ని దాటలేక వాడు పడే అవస్థకు నవ్వొస్తది. నియమం నువ్వనుకున్నట్టు సాగితే వానికి కష్టమే లేదు, ఇగ నవ్వెక్కడిది?

చాయ్ బండి ముసలాయన సంగతి వేరే. ఏమడిగినా ‘చాయ్ తాగుతవా బిడ్డా’ అనే అంటడు. ఆడే పిల్లలు పడిపడి నవ్విండ్రు. దేవరకొండ టీచరమ్మ మాత్రం, ముసలాయనకు చెవుడా, తీసేస్తె కథ నడుస్తది గదా అని రాసింది. ఆమె ఎక్కడ ఆగిందో అది నమ్ము, తీసెయ్యమన్నది నమ్మకు. ఆ ముసలాయన ఎన్‌పీసీ, అంటే ఆటే నడిపించే పాత్ర, నేర్పిన మాటే మళ్ల మళ్ల అంటడు. అదేందో పేజీ అడుగున రాస్తనంటున్నవు, అదీ వద్దు. విప్పి చెప్పిన జోకు చచ్చినట్టే. హీరోతోని మూడు మాటలు అనిపియ్యి: కోటకు తొవ్వెటు, నువ్వెవరు, తాతా నీ గడ్డానికి నిప్పంటుకుంది. మూడింటికీ అదే చాయ్. టీచరమ్మకు ఎన్‌పీసీ తెల్వకున్నా ఆఫీసు కిటికీ ఎనక కూసున్న గుమస్తా తెలుసు.

మన యాస అర్థం కాలేదన్నోళ్లు ఆఖరి పేజీ దాక చదివినంకనే ఆ మాటన్నరు. అంటే అర్థమైనట్టే.

అన్నిట్ల పానగల్లు నుంచి వచ్చిన ఉత్తరం బంగారం. అక్కడి ఛాయా సోమేశ్వరాలయంలో నీడ జరిగితే హీరో టైమెంతైందో తెలుసుకున్నడని రాసినవు. ఆ గుడి విశేషమే గర్భగుడిలో నీడ పొద్దంతా జరగకుండ ఉండుడు! నల్లగొండ పక్కన పెరిగినదానివి. సిగ్గుపడి ఆ సీను కొట్టెయ్యకు. ‘నీడ జరిగినంక తలుపు తెరుసుకుంటది’ అని ఆటలో క్వెస్ట్, అంటే హీరో చెయ్యాల్సిన పని, పెట్టు. వాడు సద్దిమూట ఇప్పుకొని కూసుంటడు, తింటడు, కునుకు తీస్తడు, లేసి చూస్తె నీడ ఆన్నే ఉంటది.

మలి ముద్రణకు ముందు ఏ పేజీలో వాని లెవెల్ ఎంత, మానా ఎంత ఉందో ఒక నోట్‌బుక్‌లో రాసుకొని మీ తమ్మునికియ్యి. తప్పుకు పది రూపాయలిస్తనని చెప్పు, రాత్రంతా కూసుంటడు.

మీ మామ,
నకిరేకల్