బైక్ నడిపితే నడుం నొప్పి వస్తోంది, జెల్ సీటు వేయిస్తే తగ్గుతుందా?

రోజూ గంటకు పైగా బండి మీదే ఉంటున్నానని, నడుం కింది భాగం పట్టేస్తోందని, జెల్ సీటు వేయించాలా అని అడిగారు. సీటు సంగతి ఆఖరున చూద్దాం. నాకూ చాలాకాలం ఇదే బాధ ఉండేది. మొదట తేడా తెలిసింది వెనక షాకప్స్ దగ్గర.

చాలా బైకుల్లో వెనక స్ప్రింగ్‌కి మెట్లు మెట్లుగా ఒక రింగు ఉంటుంది. స్ప్రింగ్ ముందే ఎంత నొక్కుకుని ఉండాలో దాంతో పెట్టుకోవచ్చు, దీన్నే ప్రీలోడ్ అంటారు. నా బండికి సర్వీసింగ్‌లో ఎవరు తిప్పారో గానీ, అది బాగా బిగుతు మెట్టు మీద ఉంది. నేను తిరిగేది ఒక్కడినే. టూల్‌కిట్‌లోని కొక్కెం స్పానర్‌తో రెండు వైపులా సమానంగా తగ్గించాను. దీంతో స్ప్రింగ్ మెత్తబడిపోదు. మన బరువుకి బండి కాస్త దిగుతుంది, గుంత వచ్చినప్పుడు చక్రం కిందికి సాగడానికి జాగా ఉంటుంది. వెనక మనిషి ఎక్కితే మళ్లీ బిగించుకోవాలి. టైర్లలో గాలి కూడా అంతే: ఒక్కరికి ఒక లెక్క, ఇద్దరికి ఇంకో లెక్క మాన్యువల్‌లో ఉంటుంది. టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి.

ఇక అసలు విషయం కూర్చునే తీరు. చాలామంది వీపు గుండ్రంగా వంచి, బరువంతా తోకఎముక మీద వేసేస్తారు. అప్పుడు ప్రతి కుదుపూ నేరుగా వెన్నుకే. వంగాల్సింది నడుం దగ్గర కాదు, తుంటి దగ్గర. మోకాళ్లతో ట్యాంకుని పట్టుకోండి, మోచేతులు వదులుగా ఉంచండి. స్పీడ్ బ్రేకర్ రాగానే ఫుట్‌రెస్టుల మీద బరువు వేసి, సీటు మీద నుంచి ఒక్క అంగుళం లేవండి. దెబ్బ మోకాళ్లు తీసుకుంటాయి. కాళ్లు ముందుకి చాపుకునే క్రూయిజర్ల మీద ఇదే కుదరదు. సోఫాలా ఉంటుందని కొన్న బండి మీదే నడుం పోయేది అందుకే!

హ్యాండిల్ కోసం ముందుకి సాగాల్సి వస్తుంటే క్లాంప్ బోల్టులు వదులు చేసి కాస్త వెనక్కి తిప్పించవచ్చు. తర్వాత హ్యాండిల్ పూర్తిగా రెండు పక్కలకీ తిప్పి, కేబుళ్లు లాగట్లేదని చూసుకోండి. వెనక జేబులో పర్సు తీసేయండి. బ్యాగు పట్టీలు వదులు చేసి, బరువు సీటు మీద ఆనేలా చూడండి. దూరం వెళ్తే గంటకోసారి దిగి నాలుగడుగులు వేయండి.

నొప్పి కాలిలోకి దిగుతున్నా, పాదం తిమ్మిరెక్కుతున్నా డాక్టర్‌ని కలవండి. మూత్రం మీద అదుపు తప్పినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

సీటుని బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. అడుగున ప్లాస్టిక్ తగిలితే ఫోమ్ పోయినట్టే, మార్పించండి. మరీ మెత్తటిది మాత్రం వద్దు, కూర్చున్న కాసేపటికే అడుక్కి దిగిపోతుంది. జెల్ ప్యాడ్ వేస్తే సీటు ఎత్తు పెరుగుతుంది, కాళ్లు నేలకి అందుతున్నాయో లేదో చూసుకుని తీసుకోండి.