వెంట వెళ్లేవారి వీసా: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

విదేశాల్లో ఉన్న భర్త దగ్గరకు, పిల్లల దగ్గరకు వెళ్లి ఉండటం గురించి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పాఠకులు పంపిన ఉత్తరాల్లో నాలుగింటికి ఈసారి సమాధానాలు ఇస్తున్నాం.

ప్రశ్న: మా అమ్మాయి ఎంటెక్ చదివి విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తుండగా పెళ్లి చేశాం. అల్లుడుగారు టెక్సాస్‌లో హెచ్-1బి ఉద్యోగ వీసాపై పనిచేస్తున్నారు. భార్యగా హెచ్-4 వీసా మీద వెళ్లిన అమ్మాయి అప్పటి నుంచి ఇంట్లోనే ఉంటోంది. తనకు ఉద్యోగం చేసే వీలుందా? గ్రీన్ కార్డు రాగానే మమ్మల్ని కూడా శాశ్వతంగా తీసుకువెళతామంటున్నారు. అది జరిగే పనేనా?
– ఒక తండ్రి, పలాస

సమాధానం: హెచ్-4 వీసా మీ అమ్మాయి చదువును గానీ అనుభవాన్ని గానీ చూసి ఇచ్చింది కాదు. అల్లుడుగారి హెచ్-1బి నిలిచినంతకాలమే అదీ నిలుస్తుంది. ఆయన ఉద్యోగం పోయి, ఆ తరువాత గరిష్ఠంగా దొరికే 60 రోజుల వ్యవధిలో మరో యజమాని దరఖాస్తు వేయకపోతే ఇద్దరి హోదాకూ ఒకేసారి ముప్పు వస్తుంది. ఈ వీసాపై ఆమె చదువుకోవచ్చు గానీ, విడిగా అనుమతి లేకుండా ఉద్యోగం చేయకూడదు. 2015 మే 26 నుంచి అమలులో ఉన్న నిబంధన ప్రకారం, భర్త గ్రీన్ కార్డు కోసం యజమాని వేసిన ఐ-140 అనే దరఖాస్తు ఆమోదం పొంది ఉన్నప్పుడు, లేదా ఆ ప్రక్రియ సాగుతున్న కారణంగా ఆయన హెచ్-1బి ఆరేళ్లు దాటి పొడిగింపు పొందినప్పుడు, భార్య పని అనుమతి కార్డుకు, అంటే అక్కడివారు ఈఏడీ అనే దానికి, దరఖాస్తు చేసుకోవచ్చు. అది వచ్చాక ఏ సంస్థలోనైనా పనిచేయవచ్చు. అది రాకపోయినా, ఆమె చదువుకు తగిన ఉద్యోగం ఇచ్చే సంస్థ ముందుకు వస్తే తన పేరిటే హెచ్-1బికి ప్రయత్నించే దారి ఉంది. అమెరికా సంబంధం వచ్చినప్పుడు జీతం ఎంత, ఇల్లు కొన్నారా అని ఆరా తీసే మనవాళ్లు ఐ-140 ఏ దశలో ఉందో మాత్రం అడగరు; అమ్మాయి అక్కడ ఎన్నేళ్లు ఖాళీగా కూర్చోవాలో చెప్పేది ఆ కాగితమే కనుక, ముహూర్తం పెట్టుకోకముందే దాని సంగతి తెలుసుకోవడం మంచిదని మా అభిప్రాయం.

గ్రీన్ కార్డు "రాగానే" అన్నారు. ఆ మాట దగ్గరే కాస్త ఆగాలి. ఉద్యోగాల కోటాలో ఏటా ఇచ్చే గ్రీన్ కార్డులు దాదాపు 1,40,000. వాటిలోనే భార్యాపిల్లలకు ఇచ్చేవీ కలిసి ఉంటాయి. ఏ ఒక్క దేశంలో పుట్టినవారికైనా సాధారణంగా 7 శాతానికి మించి దక్కవు. భారతదేశం నుంచి దరఖాస్తులు ఆ పరిమితికి ఎన్నో రెట్లు ఉండటం వల్ల ఈబీ-2 (ఉన్నత చదువులు ఉన్నవారు), ఈబీ-3 (నైపుణ్యం గల ఉద్యోగులు తదితరులు) వర్గాల్లో మనవారి నిరీక్షణ దశాబ్దం దాటిపోయింది. ఈలోగా అక్కడ పెరిగే పిల్లలకు 21 ఏళ్లు నిండితే హెచ్-4 హోదా పోతుంది. 2002 నాటి పిల్లల వయసు రక్షణ చట్టం కొందరిని ఆదుకుంటుంది గానీ అందరినీ కాదు.

ఇక్కడ చాలామంది పట్టించుకోని అంశం ఒకటుంది. ఈ కోటాలో లెక్కలోకి వచ్చేది పౌరసత్వం కాదు, పుట్టిన దేశం. భార్యాభర్తల్లో ఒకరు వేరే దేశంలో పుట్టి ఉంటే ఇద్దరి దరఖాస్తునూ ఆ దేశం వరుసలో చూడమని కోరవచ్చు. తల్లిదండ్రులు గల్ఫ్‌లో కాపురం ఉన్న రోజుల్లో కువైట్‌లోనో మస్కట్‌లోనో పుట్టి, తరువాత సొంత ఊరిలో పెరిగినవారు మన జిల్లాల్లోనూ ఉన్నారు. అలాంటి కోడలో అల్లుడో ఉన్న ఇంట్లో, భారతీయ పాస్‌పోర్టే ఉన్నా, నిరీక్షణ ఎన్నో ఏళ్లు తగ్గవచ్చు. మీ అమ్మాయి, అల్లుడుగారిలో ఎవరైనా అలా పుట్టి ఉంటే ఆ జనన ధ్రువపత్రాన్ని భద్రంగా ఉంచి న్యాయవాదికి చూపించండి.

ఇక మీ దంపతుల విషయం. హెచ్-4 భార్యకు లేదా భర్తకు, 21 ఏళ్ల లోపు పెళ్లికాని పిల్లలకు మాత్రమే. గ్రీన్ కార్డు వచ్చినా తల్లిదండ్రులకు దరఖాస్తు చేసే హక్కు రాదు. మామూలుగా ఐదేళ్ల తరువాత పౌరసత్వం తీసుకున్నాకే, 21 ఏళ్లు నిండిన పౌరురాలిగా మీ అమ్మాయి మీకు దరఖాస్తు చేయగలదు. అప్పుడు దేశాలవారీ వరుస ఉండదు గానీ, మిమ్మల్ని పోషించగలమని ఆదాయం చూపి హామీపత్రం ఇవ్వాలి. అప్పటివరకు మీకున్నది సందర్శకుల వీసాయే. దానిపై పదేళ్ల ముద్ర ఉన్నా ఒక్కోసారి సాధారణంగా ఆరు నెలల వరకే ఉండనిస్తారు. హైదరాబాద్ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు "పిల్లల దగ్గర ఉండిపోవడానికి" అన్న మాట నోటి నుంచి వస్తే ఆ వీసా కూడా చేజారుతుంది.

ప్రశ్న: నేను విజయనగరంలోని ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. బ్రిటన్‌లో కేర్ వర్కర్ వీసా ఇప్పిస్తానని, భర్తను, బాబును కూడా వెంట తీసుకువెళ్లవచ్చని ఒక ఏజెంటు డబ్బు అడుగుతున్నాడు. నమ్మవచ్చా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

సమాధానం: నమ్మవద్దు. 2024 మార్చి 11 తరువాత కొత్తగా వెళ్లే కేర్ వర్కర్లు కుటుంబాన్ని వెంట తీసుకువెళ్లే వీలు లేకుండా పోయింది. 2025 జూలై 22 నుంచి విదేశాల్లో ఉన్నవారిని కొత్తగా ఆ పనికి తీసుకోవడాన్నే ఆపివేశారు. మీకు ఆ దారి అవసరమే లేదు. మీరు నర్సు. అక్కడి నర్సింగ్ కౌన్సిల్ పెట్టే పరీక్షలు, ఆంగ్ల పరీక్ష పూర్తిచేసి నర్సుగానే ఉద్యోగం సంపాదిస్తే, ఆ వీసాపై భర్తను, బాబును వెంట తీసుకువెళ్లే హక్కు ఉంది. భర్త అక్కడ ఉద్యోగం కూడా చేసుకోవచ్చు. మిగతా ఉద్యోగ వీసాలపై వెళ్లే పెద్దలు సాధారణంగా ఒక్కొక్కరికీ ఏడాదికి 1,035 పౌండ్ల చొప్పున కట్టే ఆరోగ్య రుసుము మీ కుటుంబానికి ఉండదు. చదువు పేరుతో వెళ్దామనుకున్నా, 2024 జనవరి నుంచి పరిశోధన కోర్సులవారికి, ప్రభుత్వ ఉపకారవేతనం ఉన్నవారికి తప్ప విద్యార్థులకు కుటుంబాన్ని తీసుకువెళ్లే అనుమతి లేదు.

ప్రశ్న: మా అబ్బాయి కెనడాలో ఉంటున్నాడు. పీఆర్ (శాశ్వత నివాస హోదా) దరఖాస్తు నడుస్తుండగా అరసవల్లిలో పెళ్లి చేశాం. ఆ సంగతి రాస్తే ఆలస్యమవుతుందని ఏజెంటు చెప్పనివ్వలేదు. పీఆర్ ఇంకా రాలేదు. తరువాత కోడలిని పిలిపించుకోవచ్చా? భర్త పోయాక ఒంటరిగా ఉంటున్న నేను కూడా వెళ్లగలనా?
– ఒక తల్లి, శ్రీకాకుళం

సమాధానం: పీఆర్ ఇంకా రాలేదు కాబట్టి, అమ్మా, ఈ ఉత్తరం అందిన వెంటనే పెళ్లి విషయం అక్కడి వలస వ్యవహారాల శాఖకు రాతపూర్వకంగా తెలపమనండి. పీఆర్ పొందే నాటికి చూపని భార్యను తరువాత స్పాన్సర్ చేసే అర్హత అక్కడి నిబంధనల ప్రకారం సాధారణంగా పోతుంది. అంతకంటే ప్రమాదం ఏమిటంటే, దాచినట్లు తేలితే తప్పుడు సమాచారం కింద ఐదేళ్లపాటు అనర్హత విధించవచ్చు. ఏజెంటు చెప్పాడన్నది సమాధానం కాదు, సంతకం మీ అబ్బాయిదే. గుడిలో ఇచ్చిన రసీదు, ఫొటోలు సరిపోవు. వివాహ నమోదు ధ్రువపత్రం తీసుకోండి. కెనడాలో ఇలాంటి సలహా ఇచ్చేవారికి లైసెన్సు ఉండాలి, వారి జాబితాను ఎవరైనా చూడవచ్చు. ఈ ఏజెంటు పేరు అందులో ఉందో లేదో కూడా చూసుకోండి.

మీ విషయానికొస్తే, తల్లిదండ్రులకు పీఆర్ ఇచ్చే పథకంలో 2020లో ఆసక్తి తెలిపినవారి జాబితా నుంచే తరువాతి ఏళ్లలోనూ ఆహ్వానాలు ఇస్తూ వచ్చారు కనుక, దాని మీద ఆశ పెట్టుకోకండి. అబ్బాయికి పీఆర్ వచ్చాక సూపర్ వీసా మీకు సరైన దారి. ఒక్కోసారి వెళ్లినప్పుడు ఐదేళ్ల వరకు ఉండవచ్చు. ఇందుకు అబ్బాయికి నిర్ణీత ఆదాయం, మీకు వైద్య పరీక్ష, కనీసం లక్ష కెనడా డాలర్ల ఆరోగ్య బీమా అవసరం. మీ వయసుకు, మధుమేహమో రక్తపోటో ఉంటే, ఆ బీమా ప్రీమియమే అన్నిటికంటే పెద్ద ఖర్చు కావచ్చు. ఇది పీఆర్ కాదు. అక్కడి ప్రభుత్వ వైద్యం దీనికి వర్తించదు.

ప్రశ్న: నేను దుబాయ్‌లో ఫిట్టర్‌ను. చాలా ఏళ్లుగా ఉన్నాను కాబట్టి పీఆర్ ఇస్తారా? భార్యను, పిల్లలను తీసుకురావాలంటే ఏం కావాలి?
– ఒక పాఠకుడు, సోంపేట

సమాధానం: ఎన్నేళ్లు పనిచేసినా, ఆ ఏళ్ల లెక్కన పీఆర్ ఇచ్చే పద్ధతి అక్కడ లేదు. కుటుంబాన్ని తీసుకురావడానికి నెలకు 4,000 దిర్హమ్‌లు, లేదా 3,000 దిర్హమ్‌లతో పాటు వసతి ఉండాలి. కంపెనీ క్యాంపులో పడక దీనికి సరిపోదు, కుటుంబం ఉండదగిన ఇల్లు చూపాలి. వివాహ ధ్రువపత్రానికి రాష్ట్ర ప్రభుత్వం, తరువాత మన విదేశాంగ శాఖ, ఆ పైన వారి రాయబార కార్యాలయం వరుసగా ధ్రువీకరణ వేయాలి. మీ భార్య పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉందేమో ముందే చూడండి, ఒక్క పేరే ఉన్న పాస్‌పోర్టులతో సందర్శకులుగా వచ్చేవారిని 2022 నవంబరు నుంచి అక్కడ సాధారణంగా అనుమతించడం లేదు. అవసరమైతే విశాఖపట్నం ప్రాంతీయ కార్యాలయం పరిధిలో పాస్‌పోర్టును సరిచేయించి, అదే పేరుతో వివాహ ధ్రువపత్రం తీసుకున్నాకే ధ్రువీకరణకు పంపండి. వరుస తారుమారైతే రుసుములన్నీ మళ్లీ కట్టవలసి వస్తుంది.